ఐలాండ్స్ ఇన్ ద స్ట్రీమ్: రాసింది ముగ్గురు అన్నదమ్ములు, పాడింది ఇద్దరు స్నేహితులు, ఇందులో మొగుడూపెళ్లాలు ఎవరూ లేరు

మా పెద్దమ్మ కూతురు వాళ్లు డల్లాస్ దగ్గర ఉంటారు. వాళ్ల పాతికేళ్ల పెళ్లిరోజు ఇంట్లోనే చేసుకున్నారు, ఓ ముప్పై మందిమి, గుత్తొంకాయ, పులిహోర, భోజనాలయ్యాక పైన మీడియా రూమ్‌లో కరావోకే. బాలు పాటలు నాలుగైదు అయ్యాక బావగారి ఆఫీసు కొలీగ్ ఒకాయన, పక్కా టెక్సస్ మనిషి, మొగుడూపెళ్లాలన్నాక మీరిద్దరూ ఇది పాడాల్సిందే అని ఒక పాట పెట్టాడు. కెన్నీ రోజర్స్, డాలీ పార్టన్ పాడిన ఐలాండ్స్ ఇన్ ద స్ట్రీమ్. బావగారు మొదటి చరణం బానే లాగించేశారు, పల్లవి ఇద్దరూ కలిసి ఎలాగో గట్టెక్కించారు, అక్క చరణం వచ్చేసరికి మాత్రం మ్యూజిక్ ఎటో వెళ్లిపోయింది, అక్కేమో పాత శ్రుతిలోనే ఉండిపోయింది, ఒకటే నవ్వులు. "మిషన్ పాడైందేమో చూడండి" అంది అక్క. మిషన్‌కి ఏమీ కాలేదు, ఆ పాట అక్కడ నిజంగానే శ్రుతి మారుతుంది, దాని సంగతి తర్వాత చెప్తా.

ఆ నవ్వులయ్యాక మొదలైంది అసలు గోల. ఒకాయన ఇది డాలీ పార్టన్ రాసిన పాట అన్నాడు. ఇంకొకాయన ఫోన్ తీసి "కాదండీ, బీ గీస్‌ది, వాళ్లే పాడారు చూడండి" అన్నాడు. పదహారేళ్ల మేనకోడలు ఇది ర్యాప్ పాట కదా మామయ్యా అంది. ఒక ఆంటీ "మొన్నామధ్య ఆవిడ భర్త పోయాడని న్యూస్‌లో వచ్చిందిగా, ఈయనేనా?" అని అడిగారు. ఆ టెక్సస్ ఆయన మాత్రం మా నాన్నయితే దీన్ని కంట్రీ అని చచ్చినా ఒప్పుకునేవాడు కాదు అని నవ్వాడు. ఐదుగురు ఐదు మాటలు. తీరిగ్గా ఆలోచిస్తే ఒక్కో మాటా ఒక్కో చిక్కుముడి, వాటిలో కొన్నిట్లో కొంత నిజం కూడా ఉంది. అందుకే ఒక్కోటీ విప్పుదామని ఇది రాస్తున్నా.

ముందు పాట గురించి నాలుగు ముక్కలు

కంట్రీ మ్యూజిక్ అంటే అమెరికా దక్షిణాది పల్లెల్లోంచి, అప్పలాచియన్ కొండల్లోంచి వచ్చిన పాట. ఫిడిల్, బాంజో, గిటార్, తర్వాత్తర్వాత స్టీల్ గిటార్. పని, తాగుడు, చర్చి, ఊరు, కాపురం, ఇవే దాని సబ్జెక్టులు. నాష్‌విల్ దాని రాజధాని. అందులో డ్యూయెట్ అంటే ఒక ఆడగొంతు ఒక మగగొంతు, కాపురం కబుర్లు మన ముందే మాట్లాడుకుంటున్నట్టు పాడటం, గొడవపడొచ్చు, ఒట్టేసుకోవచ్చు, విడిపోతున్నామని కూడా చెప్పుకోవచ్చు.

ఈ పాట 1983 ఆగస్టులో సింగిల్‌గా వచ్చింది, కెన్నీ రోజర్స్ ఆల్బమ్ ఐస్ దట్ సీ ఇన్ ద డార్క్ లోది, కంపెనీ ఆర్‌సీఏ. కెన్నీది హ్యూస్టన్, అప్పటికి 45 ఏళ్లు, ద గ్యాంబ్లర్ అనే పాటతో ఇంటింటికీ తెలిసిన మనిషి. డాలీది టెనెసీ కొండల్లో సెవియర్ కౌంటీ, పన్నెండు మంది పిల్లల్లో నాలుగోది, అప్పటికి 37 ఏళ్లు, సొంతంగా వందల పాటలు రాసిన మనిషి. అందుకే అందరూ ఇది కూడా ఆవిడే రాసిందనుకుంటారు. కాదు. రాసింది బ్యారీ, రాబిన్, మారిస్ గిబ్ అనే ముగ్గురు అన్నదమ్ములు, అంటే బీ గీస్ బ్యాండు. వాళ్లు పుట్టింది ఇంగ్లండ్ పక్కన ఐల్ ఆఫ్ మ్యాన్ అనే చిన్న ద్వీపంలో, పెరిగింది మాంచెస్టర్‌లో, ఆస్ట్రేలియాలో, స్థిరపడింది మయామీలో. నాష్‌విల్‌కీ వాళ్లకీ చుట్టరికం ఏమీ లేదు.

ఏట్లో లంకలు అంటే ఏంటి

పేరు వాళ్ల సొంతం కాదు. హెమింగ్వే నవల ఒకటుంది ఇదే పేరుతో, ఆయన 1961లో పోతే 1970లో అచ్చయింది. కథకీ పాటకీ సంబంధం లేదు, పేరు మాత్రమే తీసుకున్నారు.

మన మాటలో చెప్పాలంటే ఏట్లో లంకలు. మనిద్దరం అలాంటివాళ్లం, మధ్యలో ఇంకెవరూ లేరు అని పల్లవి భావం. కోనసీమ వాళ్లెవరికైనా ఇది చెప్తే ముందు నవ్వొస్తుంది, ఎందుకంటే లంక అంటే గోదారికి వరదొస్తే చుట్టూ నీళ్లు, బయటికి రావాలంటే పడవే దిక్కు, అందులో రొమాన్స్ ఎక్కడుంది? పైగా రెండు లంకల మధ్య ఎవరూ లేకపోవడం సరే, నీళ్లున్నాయి కదా, అవే కదా విడదీసేది? నిజమే, ఆ పోలికని గట్టిగా లాగితే తెగిపోతుంది. కానీ ఇంకోలా కూడా వినొచ్చు, చుట్టూ లోకం ప్రవాహంలా పోతూనే ఉంటుంది, ఇద్దరూ మాత్రం కదలకుండా ఉన్నచోటే ఉంటారు. కలకాలం నిలిచే ప్రేమ పాట అని దీన్ని పెళ్లిరోజులకి పెట్టుకునేది ఈ రెండో అర్థంలోనే. నాకైతే బీ గీస్ పాటల్లో చాలాసార్లు మాట శబ్దం ముందొచ్చి అర్థం వెనకాల పరిగెత్తుకొస్తుందనిపిస్తుంది, ఇక్కడా అదే అయ్యుంటుంది.

డిస్కో బీ గీస్‌కి కంట్రీ పాటతో పనేం పడింది

ఇది కొంచెం వెనక్కెళ్లి చూడాలి. 1977, 78ల్లో అమెరికాలో ఎక్కడ చూసినా బీ గీసే, సన్నటి దొంగగొంతుతో పాడే ఆ డిస్కో పాటలే. ఎక్కువైతే అమృతమైనా విషమే అన్నట్టు 1979కి జనానికి వెగటు పుట్టింది. ఆ ఏడాది జులై 12న చికాగోలో కమిస్కీ పార్క్ అనే బేస్‌బాల్ స్టేడియంలో డిస్కో రికార్డులు పోగేసి పేల్చేశారు, అది కాస్తా గొడవై జనం గ్రౌండ్‌లోకి దూకారు, ఆ రోజు ఆడాల్సిన రెండో మ్యాచ్ ఆడలేకపోయారు. అది కేవలం సంగీతం మీద కోపం కాదని, డిస్కో ఎక్కువగా నల్లవాళ్లదీ గేల సంస్కృతిదీ కాబట్టి ఆ ద్వేషం కూడా అందులో ఉందని చాలామంది అంటారు, ఆ రోజు నిర్వహించినవాళ్లు అదేం లేదంటారు, ఆ వాదన ఇప్పటికీ తెగలేదు.

బీ గీస్ మీద దాని దెబ్బ మాత్రం స్పష్టంగా పడింది. రేడియోలు వాళ్ల పేరు చూస్తేనే పక్కన పెట్టేసేవి. పాట తగ్గలేదు, ముద్ర పడిపోయింది. దానికి వాళ్లు కనిపెట్టిన దారి ఏంటంటే మొహం దాచి పాట పంపడం. 1980లో గాయని బార్బ్రా స్ట్రైసాండ్‌కి ఆల్బమ్, 1982లో ఇంకో గాయని డియాన్ వార్విక్‌కి, 1983లో కెన్నీకి. వేరే గొంతులో వస్తే అదే జనం ఎగబడి కొన్నారు. ఈ పాట కూడా మొదట్లో నల్లవాళ్ల ఆర్ అండ్ బీ బాణీగా మొదలైంది, గాయని డయానా రాస్‌ని మనసులో పెట్టుకున్నామని రాబిన్ తర్వాత చెప్పాడు. అంటే ఆర్ అండ్ బీ కోసం పుట్టి, డిస్కో వాళ్ల చేతుల్లో తయారై, కంట్రీ గొంతుల్లోకి వచ్చింది. దాని గోత్రం ఏంటో ఇక మీరే చెప్పండి.

నాలుగు రోజులు ఒక్కడే పాడిన పాట డ్యూయెట్ ఎలా అయింది

ఇది కెన్నీయే చాలాసార్లు చెప్పుకున్న కథ. మొదట ఇది డ్యూయెట్ కాదు, ఆయన ఒక్కడే పాడాలి. లాస్ ఏంజెలిస్‌లో ఆయన సొంత స్టూడియో లయన్ షేర్‌లో నాలుగు రోజులు పాడాడు, కుదరలేదు. చివరికి విసుగొచ్చి బ్యారీ, నాకసలు ఈ పాటే నచ్చట్లేదయ్యా అన్నాడట. బ్యారీ గిబ్ దీనికి డాలీ పార్టన్ కావాలి అన్నాడు. కెన్నీ మేనేజర్ కెన్ క్రాగెన్ అక్కడే ఉన్నాడు, ఆవిణ్ణి ఇప్పుడే కింద చూశాను అన్నాడు. వెళ్లి పిలిచాడు, ఆవిడ వచ్చింది, ఆవిడ గదిలోకి అడుగుపెట్టాక పాట ఇంకోలా అయిపోయిందని కెన్నీ చివరిదాకా చెప్పుకునేవాడు.

ఇప్పుడు మా అక్క జారిపడ్డ చోటుకి వద్దాం. మగగొంతు కోసం కట్టిన పాటలోకి ఆడగొంతు వస్తే ఏమవుతుంది? కర్ణాటక సంగీతం నేర్చుకున్న ఇంట్లో ఉంటే ఇది చిటికెలో అర్థమవుతుంది. మగవాళ్లు ఎక్కువగా ఒకటో శ్రుతి, ఒకటిన్నర శ్రుతి ఆ ప్రాంతంలో పాడతారు, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర. ఒకటో శ్రుతి అంటే పాశ్చాత్యుల లెక్కలో సి, ఐదున్నర అంటే ఏ ఫ్లాట్. ఇప్పుడు ఈ పాట తీసుకోండి, కెన్నీ చరణం సి మేజర్‌లో ఉంటుంది, డాలీ చరణం దగ్గరికొచ్చేసరికి ఏ ఫ్లాట్‌కి మారుతుంది. సరిగ్గా ఒకటి నుంచి ఐదున్నర! మన సంగీతం మాస్టార్లు అబ్బాయికొకటి అమ్మాయికొకటి శ్రుతిపెట్టె సర్దినట్టే సర్దారన్నమాట. హార్మోనియం ఉంటే ఒకటో శ్రుతి సా పట్టుకుని అక్కణ్ణించి పైకి, తెల్లవీ నల్లవీ కలిపి ఎనిమిది మెట్లు లెక్కపెట్టండి, డాలీ సా దొరుకుతుంది.

మన సినిమా డ్యూయెట్లలో మామూలుగా ఇలా చెయ్యరు, ఇద్దరికీ ఒకే శ్రుతి పెట్టి ఆడగొంతుని పైస్థాయిలో పాడిస్తారు, అందుకే అవి ఇంట్లో పాడబోతే ఆడవాళ్లకి గొంతు పట్టేస్తుంది, లేదంటే ఆయనకి నూతిలోంచి పాడుతున్నట్టుంటుంది. ఇక్కడ శ్రుతే కదిలింది. వినేవాళ్లకి అది శ్రుతి మారిందని తెలీదు, ఆవిడ రాగానే గదిలో లైటు వేసినట్టు మాత్రం ఉంటుంది. ఆవిడ గొంతులో సంతోషం అని మనం అనుకునేదాంట్లో కనీసం సగం ఆ మార్పు చేసిన పనే. కరావోకే మిషన్ ఇవన్నీ చెప్పదు కదా, స్క్రీన్ మీద అక్షరాలు మాత్రం రంగు మారుస్తూ పోతుంది, అక్క పాపం ఏం చేస్తుంది.

ఇది అసలు కంట్రీయేనా

ముందు చార్టుల లెక్క చెప్పుకోవాలి. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక వారం వారం లెక్కలేస్తుంది. హాట్ 100 అంటే అన్ని రకాల పాటలూ కలిపిన లిస్టు, కంట్రీ చార్టు అంటే ఆ శ్రోతల లిస్టు, అడల్ట్ కాంటెంపరరీ అంటే పెద్దవాళ్లు వినే మెత్తటి పాటల లిస్టు. తాలూకా టాపరూ స్టేట్ టాపరూ ఒకడే అయితే ఎలా ఉంటుందో అలా ఈ పాట మూడిట్లోనూ ఒకటో నంబరుకి వెళ్లింది. హాట్ 100లో 1983 అక్టోబర్ 29 నుంచి రెండు వారాలు. మళ్లీ ఒక కంట్రీ పాట ఆ లిస్టులో ఒకటో చోటుకి రావడానికి 2000 మార్చి దాకా పట్టింది, లోన్‌స్టార్ వాళ్ల అమేజ్డ్. పదహారేళ్లు పైన.

ఇంత హిట్టయితే మరి ఆ టెక్సస్ ఆయన వాళ్ల నాన్న ఎందుకు ఒప్పుకోడు? ఆ వర్గం వాదన ఇది: పాట రాసింది పాప్ వాళ్లు, తీసింది లాస్ ఏంజెలిస్‌లో, నిర్మాతలు బీ గీస్ రికార్డులు తీసిన బ్యారీ గిబ్, కార్ల్ రిచర్డ్‌సన్, ఆల్బీ గలూటెన్. ఫిడిల్, స్టీల్ గిటార్ చెవికి తగలవు. కంట్రీ అంటే ఒక ప్రాంతం, ఒక బతుకు, దాన్ని పాలిష్ చేసి అమ్ముకుంటూ పోతే చివరికి అందులో మనం మిగలం. ఇది ఉత్త సణుగుడు కాదు, దీనికి చరిత్ర ఉంది. 1974లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్లు ఉత్తమ గాయని అవార్డు ఆస్ట్రేలియాలో పెరిగిన పాప్ గాయని ఒలీవియా న్యూటన్ జాన్‌కి ఇచ్చారు. నాష్‌విల్ పాతకాపులకి ఒళ్లు మండి కంట్రీ గాయక దంపతులు జార్జ్ జోన్స్, టామీ వైనెట్ ఇంట్లో మీటింగ్ పెట్టుకుని వేరే సంఘమే పెట్టుకున్నారు. మరుసటేడు అదే అవార్డుల వేదిక మీద గాయకుడు చార్లీ రిచ్ విజేత పేరున్న కవర్ తెరిచి, పాప్‌లోనూ పేరున్న జాన్ డెన్వర్ పేరు చదివి, లైటర్ తీసి ఆ కాగితాన్ని టీవీలో అందరి ముందూ తగలబెట్టాడు. అది నిరసనా లేక మందు మీద ఉండి చేశాడా అన్నది ఇప్పటికీ రెండు రకాలుగా చెప్తారు.

రెండో వర్గం ఏమంటుందంటే, ఏది అసలు కంట్రీ? బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్లతో వచ్చింది, ఫిడిల్ పాటలు స్కాట్లండ్, ఐర్లండ్‌వి, స్టీల్ గిటార్ పుట్టింది హవాయిలో. అన్నీ బయటనుంచి వచ్చినవే, ఎప్పటికప్పుడు కలుస్తూనే ఉంది. వీళ్ల లెక్కలో కంట్రీ అంటే వాయిద్యం కాదు, గొంతు, ఆ యాస, ఆ కథ చెప్పే తీరు. డాలీ నోరు తెరిస్తే అందులో టెనెసీ కొండలు వినిపిస్తాయి, వెనకాల ఏం మోగితే ఏంటి?

నాకు రెండో వాదన వైపు మొగ్గుంది, కానీ మొదటివాళ్లని మూర్ఖులని కొట్టిపారేయలేను, మన దగ్గర జానపదానికి బీటు పెట్టి డీజే చేసినప్పుడు కడుపు మండేవాళ్లు లేరా? పైగా తలుపు అందరికీ ఒకేలా తెరుచుకోలేదన్నది ఇక్కడ చిక్కు. ఐల్ ఆఫ్ మ్యాన్‌లో పుట్టిన డిస్కో అన్నదమ్ముల పాటని 1983లో కంట్రీ చార్టు నెత్తిన పెట్టుకుంది. 2019లో లిల్ నాస్ ఎక్స్ అనే నల్ల కుర్రాడి ఓల్డ్ టౌన్ రోడ్ ఆ చార్టులోకి వస్తే ఇందులో కంట్రీ లక్షణాలు చాలవని బిల్‌బోర్డ్ తీసేసింది. 2024లో నల్ల గాయని బియాన్సే పాట అదే కంట్రీ చార్టులో ఒకటో నంబరైంది, ఆ ఆల్బమ్‌లో డాలీ గొంతు కూడా ఉంది, అయినా ఆ ఏడాది అసోసియేషన్ అవార్డుల్లో ఒక్క నామినేషనూ రాలేదు, తర్వాత 2025 గ్రామీల్లో ఉత్తమ కంట్రీ ఆల్బమ్ అదే. ఏది కంట్రీ అన్న ప్రశ్నకి పాటలో వెతికితే సగమే దొరుకుతుంది, మిగతా సగం గేటు దగ్గర ఎవరు కూర్చున్నారన్నదాంట్లో ఉంది.

పాట ఎవరిది, డబ్బులు ఎవరికి

ఫోన్ తీసి చూపించినాయనా, మా మేనకోడలూ ఇద్దరూ కరెక్టే అని ఇక్కడ తేలుతుంది. పాట అని మనం ఒకే మాట అంటాం గానీ చట్టంలో అవి రెండు. ఒకటి రచన, అంటే సాహిత్యం, బాణీ. రెండోది రికార్డింగ్, అంటే ఫలానా రోజు ఫలానా గొంతులు పాడి తీసిన ఆ శబ్దం. ఇంటికి ప్లాను గీసినవాడు వేరు, ఆ ప్లానుతో కట్టిన ఇల్లు వేరు, అదే ప్లానుతో పక్కవీధిలో ఇంకో ఇల్లు కట్టొచ్చు. ప్లాను గిబ్ అన్నదమ్ములది. కెన్నీ, డాలీల ఇల్లు ఆర్‌సీఏది.

అమెరికాలో ఒక విచిత్రం ఏంటంటే మామూలు ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట వేస్తే రాసినవాళ్లకీ వాళ్ల పబ్లిషర్‌కీ, అంటే రచన హక్కులు చూసుకునే కంపెనీకీ, డబ్బులొస్తాయి, పాడినవాళ్లకి పైసా రాదు. నెట్ రేడియో, సాటిలైట్ రేడియో అయితే పాడినవాళ్లకీ వాటా ఉంది, మామూలు రేడియోకి మాత్రం లేదు. అంటే 1983లో దేశమంతా మోగిపోయినప్పుడు ఆ రేడియో డబ్బు గిబ్‌ల ఇంటికి వెళ్లింది, మొహాలు మాత్రం కెన్నీ, డాలీలవి. రేడియోల వాళ్లు, మేం వాయిస్తేనే కదా రికార్డులు అమ్ముడుపోతున్నాయి అది చాలదా అంటారు, పాడేవాళ్లు, ప్రపంచంలో చాలా దేశాల్లో ఇస్తున్నారు ఇక్కడేం వచ్చింది అంటారు, ఎన్నేళ్లుగానో నలుగుతోంది.

ఇంకో లెక్క వేసి చూద్దాం, ఇది ఊహా లెక్కే సుమా. ఎవరో కొత్త జంట ఈ పాటని ఉన్నదున్నట్టు మళ్లీ పాడి అమ్ముకోవాలనుకున్నారు. ఒకసారి బయటికొచ్చిన పాటని మళ్లీ పాడటానికి అక్కడ ప్రత్యేకంగా బతిమాలక్కర్లేదు, చట్టం పెట్టిన రేటు కడితే చాలు. 2025లో ఆ రేటు ఐదు నిమిషాల్లోపు పాటకి కాపీకి 12.7 సెంట్లు. లక్ష డౌన్‌లోడ్‌లు అమ్మితే 12,700 డాలర్లు. వాడుకగా అందులో సగం పబ్లిషర్‌కి, సగం రాసినవాళ్లకి అనుకుందాం, 6,350. రాసినవాళ్లు ముగ్గురు, సమానంగా పంచుకుంటే తలా 2,116 చిల్లర. ఈ లెక్కలో కెన్నీ పేరు ఎక్కడా లేదు, ఎందుకంటే కొత్తజంట ఆయన కట్టిన ఇంట్లోకి అడుగే పెట్టలేదు, ప్లాను మాత్రం తీసుకున్నారు.

కానీ మాటలు మార్చేసి కొత్త పాట చేస్తే ఆ రేటు కట్టి తప్పించుకోవడం కుదరదు, పర్మిషన్ కావాలి. 1998లో ప్రాస్ అనే ర్యాపర్ గెటో సూపర్‌స్టార్ చేసింది అలాగే, ఈ పల్లవి బాణీ తీసుకుని మాయా అనే గాయని చేత కొత్త మాటలతో పాడించాడు. కెన్నీ, డాలీల రికార్డు ముక్క కోసి అతికించలేదు, బాణీని మళ్లీ పాడించాడు, కాబట్టి బాణీకి సంబంధించినంతవరకూ అడగాల్సింది గిబ్‌లనే. మా మేనకోడలికి తెలిసింది అదన్నమాట. తర్వాత బీ గీస్ ఈ పాటని తామే పాడి రికార్డు చేసినప్పుడు చివర్లో ఆ ర్యాప్ పాట పల్లవి కూడా సరదాగా తగిలించారు, మనవడి అల్లరిని తాత అనుకరించినట్టు. 2009లో ఇంకొందరు వేల్స్‌లో బ్యారీ ఐలండ్ అనే బీచ్ ఊరి పేరు మీద జోకేసి, ఛారిటీ కోసం మళ్లీ పాడితే బ్రిటన్‌లో ఒకటో నంబరైంది, టామ్ జోన్స్‌తో పాటు రాబిన్ గిబ్ కూడా అందులో ఉన్నాడు. అసలు పాట అక్కడ ఏడో నంబరు దగ్గరే ఆగింది!

మనవాళ్లకి ఈ రచన, రికార్డింగ్ తేడా గట్టిగా తెలిసొచ్చింది 2017 మార్చిలో. బాలుగారు అమెరికా టూర్‌లో ఉండగానే ఇళయరాజాగారి తరఫు నుంచి లీగల్ నోటీసొచ్చింది, నా పాటలు పర్మిషన్ లేకుండా వేదికల మీద పాడొద్దని. పాడి బతికించింది ఆయన కదా అని కొందరు, పుట్టించింది ఈయన కదా అని ఇంకొందరు. మా బావగారూ ఆయన తమ్ముడూ ఆ విషయంలో ఇప్పటికీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు, అతిశయోక్తే అనుకోండి.

డాలీకి ఈ తేడా ముందునుంచీ బాగా తెలుసు. ఆవిడే రాసి పాడగా 1974లో వచ్చిన ఐ విల్ ఆల్వేస్ లవ్ యూని ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నాడు, అయితే ఆయన మేనేజర్ పబ్లిషింగ్‌లో, అంటే రచన హక్కుల్లో, సగం రాసివ్వమన్నాడు. ఎల్విస్ అంటే ఆవిడకి ప్రాణం, రాత్రంతా ఏడ్చానని చెప్పింది, కానీ ఇవ్వలేదు. 1992లో విట్నీ హ్యూస్టన్ పాడాక ఆ కాగితం విలువెంతో ప్రపంచానికి తెలిసింది.

మరి వాళ్లిద్దరి మధ్యా ఏముంది

ఆంటీగారి ప్రశ్న. కెన్నీ 2020 మార్చి 20న పోయాడు, 81 ఏళ్లు. 2025 మార్చి 3న పోయింది డాలీ భర్త కార్ల్ డీన్, 82 ఏళ్లు. ఇద్దరూ వేరు. కెన్నీ, డాలీ స్నేహితులే, మా మధ్య అంతకుమించి ఏమీ లేదని ఇద్దరూ ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పారు. కెన్నీవి ఐదు పెళ్లిళ్లు. డాలీది ఒక్కటే.

అది వింటే ఎవరూ నమ్మరు, ఎందుకంటే స్టేజి మీద వాళ్లు చూసుకునే చూపులు అలా ఉంటాయి. ఇక్కడ మనకీ వాళ్లకీ ఒక తేడా ఉంది. ఘంటసాలగారూ సుశీలమ్మగారూ ఎన్ని ప్రేమ పాటలు పాడలేదు, బాలుగారూ జానకమ్మా ఎన్ని పాడలేదు, ఒక్కరైనా అనుమానపడ్డామా? ఎందుకంటే ఆ ప్రేమ తెర మీద హీరో హీరోయిన్ల ఖాతాలో పడిపోతుంది, గొంతు వెనకాల ఉంటుంది. కంట్రీలో ఆ తెర లేదు. పాడేవాళ్లే హీరో హీరోయిన్లు, పైగా కంట్రీ ఎప్పుడూ అమ్ముకునేది "ఇది నిజం, మా బతుకే ఇది" అనే మాటనే. అందుకే పాటని బతుకుతో సరిపోల్చి చూడటం అక్కడ అలవాటు.

సరిపోల్చి చూస్తే ఏం తేలుతుందంటే ఏమీ తేలదు. జానీ క్యాష్, జూన్ కార్టర్ 1967లో పాడిన హిట్టు డ్యూయెట్ జాక్సన్ మొగుడూపెళ్లాల దెప్పిపొడుపుల పాట, మరుసటేడు పెళ్లి చేసుకుని ముప్పై ఐదేళ్లు కలిసున్నారు, 2003లో ఆవిడ మే నెలలో పోతే ఆయన సెప్టెంబర్‌లో పోయాడు. జార్జ్ జోన్స్, టామీ వైనెట్ నిజంగా మొగుడూపెళ్లాలు, 1973లో ఏమొచ్చినా కలిసే ఉంటాం అని పాడి ఒకటో నంబరు కొట్టారు, ఆ ఏడాదే ఆవిడ విడాకులకి వేసి వెనక్కి తీసుకుంది, 1975లో విడిపోనే పోయారు, 1976లో మళ్లీ ఇద్దరూ కలిసి ఒక పెళ్లి ఉంగరం కథ పాడితే అదీ ఒకటో నంబరు. విడాకులయ్యాక! కాన్వే ట్విటీ, లొరెట్టా లిన్ ఏళ్లతరబడి ప్రేమ పాటలు పాడారు, 1972 నుంచి 75 దాకా వరసగా నాలుగేళ్లు ఉత్తమ జంట అవార్డు కొట్టారు, వాళ్లదీ స్నేహమే.

నిజమైన ప్రేమ ఉంటేనే గొంతులో పలుకుతుందనేవాళ్లున్నారు, జానీ, జూన్‌ని చూపిస్తారు. పాడటం ఒక పనితనం, నటన అనేవాళ్లున్నారు, కాన్వే, లొరెట్టాని చూపిస్తారు. కెన్నీ, డాలీ పాట గట్టిగా రెండోవాళ్ల వైపే సాక్ష్యం చెప్తుంది. కింద ఉన్న మనిషిని పైకి పిలిచారు, శ్రుతి మార్చారు, రెండు గొంతులు ఒకదాని కోసం ఒకటి చోటిచ్చుకుంటూ పాడాయి. నలభై ఏళ్లుగా జనం దాన్ని పెళ్లిళ్లకి పెట్టుకుంటున్నారు.

డాలీ అసలు ప్రేమకథలో పాటే లేదు. 1964లో పద్దెనిమిదేళ్ల పిల్ల హైస్కూలు అవ్వగానే నాష్‌విల్ వచ్చిన మొదటి రోజే బట్టలు ఉతుక్కోడానికి విషీ వాషీ అనే లాండ్రీకి వెళ్లింది, ఆ బయట పరిచయమయ్యాడు కార్ల్. తారురోడ్లు వేసే వ్యాపారం. 1966 మే 30న జార్జియాలో రింగ్‌గోల్డ్ అనే చిన్న ఊళ్లో పెళ్లి. దాదాపు అరవై ఏళ్ల కాపురంలో ఆయన ఆవిడ పక్కన కెమెరా ముందు నిలబడింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అసలా మనిషి ఉన్నాడా అని జోకులు కూడా వేసుకునేవాళ్లు.

కెన్నీతో ఆవిడ చివరిసారి స్టేజి మీద పాడింది 2017 అక్టోబర్ 25న, నాష్‌విల్ బ్రిడ్జ్‌స్టోన్ అరీనాలో, ఆయన వీడ్కోలు కచేరీ. కెన్నీకి 79, ఎక్కువసేపు నిలబడలేక కూర్చునే ఉన్నాడు. ముందు వాళ్లిద్దరూ 2013లో చేసిన స్నేహం పాట పాడారు, కొత్త స్నేహితులు దొరుకుతారు గానీ పాత స్నేహితుల్ని తయారుచేసుకోలేం అనే అర్థంలో ఉంటుంది. తర్వాత ఐలాండ్స్.

ఈ కథంతా ఆ రాత్రి డల్లాస్‌లో చెప్పడం కుదర్లేదు, నేను నోరు తెరిచేలోపే ఐస్‌క్రీమ్ వచ్చింది. వారం తర్వాత అక్క ఫోన్ చేసి ఆ ఐదున్నర శ్రుతి సంగతి మళ్లీ చెప్పరా అంది. ఇప్పుడు ఫోన్లో శ్రుతిపెట్టె యాప్ పెట్టుకుని ఆవిడ చరణం ఒక్కటే ప్రాక్టీస్ చేస్తోందట, బావగారు వంటింట్లోంచి మొదటి చరణం అందిస్తున్నారట.